నోటు వాళ్ళు రాసిచ్చిందే

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను.

నాకిచ్చిన అంశం జాతి సమానత్వ పోరాటంలో ప్రసంగాల బలం. ఇది చాలా పెద్ద అంశం. నేను అమెరికాలో నల్లవాళ్ళ పౌరహక్కుల పోరాటం వరకే మాట్లాడతాను. అందులో కూడా నాకు బాగా దగ్గరైన మూడు నాలుగు ప్రసంగాల గురించే చెబుతాను.

నేను ముప్పయ్యేళ్ళు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగాన్ని పాఠంగా ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చాలా ఏళ్ళు దాన్ని సగమే చెప్పాను. ‘నాకో కల ఉంది’ అన్న చోటికి రాగానే గొంతు పెంచేదాన్ని, పిల్లల చేత అనిపించేదాన్ని, ఏ మాట ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో బోర్డు మీద రాసేదాన్ని. బెల్లు కొట్టేవారు, వచ్చేసేదాన్ని. ఆ ప్రసంగం ప్రాణం ఎక్కడుందో నాకు తెలిసింది చాలా తర్వాత. అది తెలియడానికి మా నాన్న పని సాయపడింది.

మా నాన్న దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో ఒక బల్ల, ఒక ట్రంకుపెట్టె, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక బెంచీ. వేసవి సెలవుల్లో నేను ఆయనకి క్యారేజీ పట్టుకెళ్ళి సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయేదాన్ని. అమ్మకం కాగితాలూ తనఖా కాగితాలూ నాకు అర్థమయ్యేవి కావు గానీ, ప్రోనోటు మాత్రం కంఠతా వచ్చేసింది. కుటుంబ ఖర్చుల నిమిత్తం ఈ దినం మీ వద్ద పుచ్చుకొన్న పైకం ఇంత, మీరు కోరినప్పుడు అసలూ వడ్డీ కలిపి చెల్లించగలవాడను. కింద రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగా సంతకం. సంతకం రానివాళ్ళది వేలిముద్ర.

మా వీధి చివర ఒక ముసలామె ఉండేది. పాలు అమ్ముకుని కూడబెట్టిన డబ్బు ఊళ్ళో ఒక పెద్ద రైతుకి నోటు మీద ఇచ్చింది. ఎన్నిసార్లు తిరిగినా రేపు రా, మాపు రా. మూడేళ్ళు నిండవస్తున్నాయి. మూడేళ్ళు దాటితే నోటుకి కాలదోషం పడుతుందని మీకు తెలుసు కదా. ఒకరోజు మా నాన్న దగ్గరికి వచ్చి ఆ నోటు చదివించుకుంది. మళ్ళీ చదవమంది. మర్నాడు పొద్దున ఆ రైతు అరుగు మీద పదిమంది కూర్చున్న వేళ చూసుకుని వెళ్ళింది. ఏడవలేదు, తిట్టలేదు. కొంగుముడి విప్పి నోటు తీసి, దారిన పోతున్న ఒక బడి కుర్రాణ్ణి పిలిచి, ‘బాబూ, ఇది కాస్త గట్టిగా చదివిపెట్టు’ అంది. వాడు చదివాడు. ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, ఊరి పేరు, పైకం, తారీఖు, అన్నీ చదివాడు. ఆయన రాయించిన మాటలే ఆయన గుమ్మంలో, ఆయన మనుషుల మధ్య వినబడ్డాయి. సాయంత్రానికి సగం డబ్బు వచ్చింది. ఆ మేరకు నోటు వెనక జమ రాయడానికి ఇద్దరూ మా నాన్న దగ్గరికే వచ్చారు. అప్పుడు నేనక్కడే ఉన్నాను.

ఇప్పుడు వాషింగ్టన్ వెళ్దాం. 1963 ఆగస్టు 28. లింకన్ స్మారక మందిరం ముందు రెండున్నర లక్షల మంది. ఉద్యోగాల కోసం, స్వేచ్ఛ కోసం జరిగిన ప్రదర్శన అది. కింగ్ వంతు చివర్లో వచ్చింది. లింకన్ బానిసత్వ విమోచన ప్రకటన మీద సంతకం పెట్టి అప్పటికి వందేళ్ళు. కింగ్ మొదట ఆ వందేళ్ళ మాట ఎత్తాడు. వెంటనే అప్పు మాట ఎత్తాడు. ఈ దేశాన్ని నిర్మించినవాళ్ళు రాజ్యాంగంలోనూ స్వాతంత్ర్య ప్రకటనలోనూ ఆ గొప్ప మాటలు రాసినప్పుడు ఒక ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టారు, ప్రతి అమెరికనూ దానికి వారసుడే అన్నాడు. నల్లవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అమెరికా చెల్లని చెక్కు ఇచ్చింది, ఖాతాలో డబ్బు చాలదని రాసి అది తిరిగొచ్చింది అన్నాడు. న్యాయం అనే బ్యాంకు దివాలా తీసిందంటే మేం నమ్మం, ఆ చెక్కు మార్చుకోవడానికే వచ్చాం అన్నాడు.

ఒకసారి క్లాసులో ఈ పేరా చదువుతుంటే నాకు రేకుల షెడ్డు కళ్ళ ముందుకొచ్చింది. కింగ్ చేసిందీ ఆ ముసలామె చేసిందీ ఒకటే పని. మీరు గొప్పవాళ్ళు, మా మీద దయ చూపండి అనలేదు. మీరు చెడ్డవాళ్ళని శాపనార్థాలు పెట్టలేదు. మనుషులందరూ సమానంగా పుట్టారని 1776లో రాసుకున్నది మీ పెద్దలు, సంతకం మీది, ఇదిగో నోటు అన్నాడు. దాన్ని పదిమంది ముందు చదివాడు. టీవీ కెమెరాలున్నాయి కనక ఆ పదిమంది ప్రపంచమంతా అయ్యారు. విన్న తెల్లవాడు ఆ మాట కాదనాలంటే తన దేశపు పునాది మాటనే కాదనాలి. ఒప్పుకుంటే బాకీ ఒప్పుకున్నట్టే.

ఈ నోటు పోలిక వెనక ఒక నిజమైన నోటు ఉంది. ఆ ప్రసంగం చిత్తుప్రతి రాయడంలో సాయపడ్డ లాయరు క్లారెన్స్ జోన్స్ తర్వాతి కాలంలో ఈ సంగతి చెప్పాడు. ఆ ఏడాది వసంతంలో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఉద్యమకారుల్ని వందల మందిని జైల్లో పెట్టారు. బెయిలుకి డబ్బు లేదు. న్యూయార్కులో రాక్‌ఫెల్లర్ కుటుంబం లక్ష డాలర్లు సర్దడానికి ఒప్పుకుంది. చేజ్ మన్‌హాటన్ బ్యాంకులో డబ్బు జోన్స్ చేతికి ఇచ్చే ముందు ఒక కాగితం ముందు పెట్టారు. అది ప్రామిసరీ నోటు. అడిగినప్పుడు లక్ష డాలర్లు చెల్లిస్తానని ఆయన సంతకం పెట్టాలి. తాను జన్మలో తీర్చలేని అప్పు. పెట్టాడు. కొన్ని నెలల తర్వాత కింగ్ కోసం చిత్తుప్రతి రాస్తుంటే ఆ కాగితం ఆయన మనసులో మెదిలింది. ఊహలోంచి ఊడిపడ్డ అలంకారమని నేను పిల్లలకి చెప్పిన మాట, బెయిలు డబ్బు కోసం సంతకం పెట్టిన మనిషి అనుభవం.

ఇక కల. అది ఆ రోజు చేతిలో ఉన్న కాగితంలో లేదు. అంతకుముందు నవంబరులో నార్త్ కరోలినాలోనూ, జూన్‌లో డెట్రాయిట్‌లోనూ కింగ్ ఆ కల మాట వాడాడు. వాషింగ్టన్‌లో వద్దు, అది పాతబడిందని దగ్గరివాళ్ళే సలహా ఇచ్చారు. ప్రసంగం చివరికి వస్తోంది. వెనక కూర్చున్న గాయని మహాలియా జాక్సన్, ‘మార్టిన్, వాళ్ళకి ఆ కల గురించి చెప్పు’ అని కేకేసింది. ఆయన కాగితం మీంచి తలెత్తాడు. మన హరికథల్లో పక్కవాద్యం వాళ్ళు, వెనక కూర్చున్న పెద్దవాళ్ళు ‘ఆహా, ఇంకోసారి’ అంటే దాసుగారు అక్కడే నిలబడి పద్యాన్ని పెంచుతారు చూడండి, నల్లవాళ్ళ చర్చిలో అదే రివాజు. బోధకుడు ఒక మాట అంటాడు, జనం అందుకుంటారు. ఆ అందుకోవడంతోనే తర్వాతి మాట పుడుతుంది.

ఆ కల నాకు ఇష్టమే. ఇప్పటికీ వింటే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఆ పదిహేడు నిమిషాల్లో మొదటి భాగం వదిలేసి కలని మాత్రమే పండగలా చెప్పుకోవడం బాకీ ఉన్నవాడికి సుఖం. కల ఎవర్నీ ఏమీ అడగదు. నోటు అడుగుతుంది. మీరు ఆ ప్రసంగాన్ని మళ్ళీ చదివినప్పుడు దయచేసి మొదటి నుంచి చదవండి.

ప్రసంగం అవగానే లోకం మారిపోయిందని కూడా అనుకోవద్దు. సరిగ్గా పద్దెనిమిది రోజులకి, సెప్టెంబరు 15 ఆదివారం, బర్మింగ్‌హామ్‌లో ఒక చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్ళు, ఒకమ్మాయికి పదకొండు. కల విన్నవాళ్ళలో కొందరు ఇచ్చిన జవాబు అది. పౌరహక్కుల చట్టం రావడానికి 1964 జులై 2 దాకా పట్టింది.

నోటు తీసి చదవడం కింగ్‌తో మొదలు కాలేదు. ఆయనకి నూట పదకొండేళ్ళ ముందు ఫ్రెడరిక్ డగ్లస్ ఆ పని చేశాడు. బానిసగా పుట్టి 1838లో తప్పించుకున్న మనిషి. ప్రసంగాల సంకలనం ఒకటి పన్నెండేళ్ళ వయసులో యాభై సెంట్లు పెట్టి కొనుక్కుని, అందులోని మాటల పొందిక నేర్చుకున్నాడు. ఆయన ఎంత బాగా మాట్లాడేవాడంటే, ఇంత చక్కగా మాట్లాడేవాడు బానిస అయ్యుండడని జనం అనుమానించేవారు. కాస్త పత్తి తోటల్లో బానిసలు మాట్లాడే యాస కలిపితే నమ్ముతారని ఆయన పక్షం తెల్లవాళ్ళే సలహా ఇచ్చారు. ఆయన వినలేదు. యజమాని పేరు, ఊరి పేరు అన్నీ పెట్టి 1845లో ఆత్మకథ అచ్చువేశాడు. పేర్లు బయటపెట్టాక పట్టుకుపోతారన్న భయంతో దేశం వదిలి బ్రిటన్ వెళ్ళాల్సి వచ్చింది. చివరికి అక్కడి స్నేహితులు డబ్బు పోగుచేసి ఆయన స్వేచ్ఛని కొన్నారు. ఒక మనిషి తాను చెప్పేది నిజమని నిరూపించడానికి కట్టిన ధర అది.

1852లో న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టర్‌లో, బానిసత్వానికి వ్యతిరేకంగా పనిచేసే మహిళా సంఘం వాళ్ళు స్వాతంత్ర్య దినం సందర్భంగా మాట్లాడమని పిలిచారు. ఆయన జులై 4న మాట్లాడలేదు. మర్నాడు 5న మాట్లాడాడు. కొరింథియన్ హాలులో ఐదారు వందల మంది, ఎక్కువమంది తెల్లవాళ్ళు, ఆయనంటే గౌరవం ఉన్నవాళ్ళు. మొదట వాళ్ళ పూర్వీకుల ధైర్యాన్ని చాలాసేపు మెచ్చుకున్నాడు. మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలులో ఒక చిన్న మాట మాత్రం పదే పదే వస్తుంది: మీ దేశం, మీ పండగ, మీ తండ్రులు. మన అనడు. జనం అది గమనించే లోపలే, ‘ఈ జులై నాలుగు మీది, నాది కాదు. మీరు సంబరపడండి, నేను దుఃఖపడాలి’ అనేశాడు. నోటులో తన పేరు లేకుండా చేశారని, వాళ్ళ చేతే ముందు నోటంతా చదివించి తర్వాత చూపించాడు. తెలుగులో ‘మన’, ‘మా’ అని రెండున్నాయి కాబట్టి ఈ నొప్పి మనకి చప్పున అందుతుంది. పెళ్ళికి పిలిచి ‘మా ఇంట్లో పెళ్ళి’ అంటే ఒకలా ఉంటుంది, ‘మన ఇంట్లో పెళ్ళి’ అంటే ఒకలా ఉంటుంది.

మధ్యలో ఒక సంగతి చెప్పాలి, ముఖ్యంగా ఇక్కడున్న డిగ్రీ పిల్లలకి. మనం ప్రసంగం అనగానే మైకు ముందు మనిషినే చూస్తాం. 1955 డిసెంబరు 5 సాయంత్రం అలబామాలోని మాంట్‌గోమరీలో హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చిలో మాట్లాడినప్పుడు కింగ్ వయసు ఇరవయ్యారు. ఆ మధ్యాహ్నమే ఆయన్ని, ఊళ్ళో నల్లవాళ్ళ బస్సుల బహిష్కరణ నడిపే సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ప్రసంగానికి తయారవడానికి మిగిలింది ఇరవై నిమిషాలు. అందులో ఐదు నిమిషాలు టెన్షన్‌తోనే పోయాయని ఆయనే చెప్పుకున్నాడు. చర్చి నిండిపోయి వీధుల్లో వేలమంది నిలబడి స్పీకర్లలో విన్నారు. ‘అణచివేత ఇనుప పాదాల కింద నలిగి నలిగి జనం అలిసిపోయే రోజొకటి వస్తుంది’ అన్నాడు. ఆ మాటకి లేచిన హోరు ఎంతసేపటికీ తగ్గలేదు.

అంత జనం ఎలా వచ్చారు? రోజా పార్క్స్ అనే నల్లావిడని బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనందుకు అరెస్టు చేసింది డిసెంబరు 1 గురువారం. ఆ రాత్రి జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచరు, కాలేజీ సైక్లోస్టయిల్ యంత్రం మీద తెల్లవార్లూ, సోమవారం ఎవరూ బస్సెక్కొద్దని వేల కరపత్రాలు తీసింది. పొద్దున క్లాసులు చెప్పి, మధ్యలో కారులో తిరిగి బడుల దగ్గర, దుకాణాల దగ్గర కట్టలు అందించింది. సోమవారం పొద్దున బస్సులు ఖాళీగా తిరిగాయి. సాయంత్రం కింగ్ మాట్లాడేసరికి ఆ జనం అప్పటికే ఒక రోజంతా నడిచి వచ్చినవాళ్ళు. వాళ్ళ కాళ్ళ నొప్పుల్ని ఆయన మాటల్లో పెట్టాడు. తర్వాత 381 రోజులు నడిచారు. బస్సుల్లో జాతిని బట్టి వేరుచెయ్యడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చాకే బస్సెక్కారు. సైక్లోస్టయిల్ సిరా చేతికి అంటితే ఎన్ని రోజులకి వదులుతుందో కాలేజీలో పరీక్ష పేపర్లు తీసిన నాకు తెలుసు. ఆవిడ చేతులు నాకు ఎప్పుడూ గుర్తొస్తాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకుని వచ్చిన మనిషి దగ్గరికి వస్తాను. ఫానీ లూ హేమర్. ఈ పేరు ఎంతమంది విన్నారు? ఇద్దరు. ముగ్గురు. సరే.

మిసిసిపీ రాష్ట్రంలో 1917లో పుట్టింది. ఇరవై మంది సంతానంలో ఆఖరుది. అమ్మానాన్నలు తెల్ల దొర పొలంలో పాలికి చేసేవాళ్ళు. ఆరేళ్ళకే పత్తి ఏరడానికి వెళ్ళింది. పత్తి ఏరడం గురించి మనకి వేరే చెప్పక్కర్లేదు, ఎండిన కాయ మొనలు గుచ్చుకుని వేళ్ళ చివర్లు ఎలా చీలిపోతాయో ఈ ఊళ్ళో ఆడవాళ్ళకి తెలుసు. చదువు కొద్దిగానే సాగింది. నలభై నాలుగేళ్ళ వయసులో, 1962లో, ఊరి చర్చిలో మీటింగు జరిగితే అక్కడ మొదటిసారి విన్నది: నల్లవాళ్ళు కూడా ఓటరుగా పేరు రాయించుకోవచ్చని. అంతవరకు తెలియనే తెలియదు. ఎవరూ చెప్పలేదు.

ఆగస్టు 31న పద్దెనిమిది మంది కలిసి పాత బస్సులో ఇరవయ్యారు మైళ్ళ దూరంలో ఉన్న ఇండియనోలా వెళ్ళారు. అక్కడ పరీక్ష. మిసిసిపీ రాజ్యాంగంలో ఒక సెక్షన్ ఇచ్చి, దాన్ని ఎక్కించి రాయమని, అర్థం వివరించమని అడిగారు. లాయర్లకి కూడా తడుముకోవాల్సిన సెక్షన్. ఫెయిలయింది. తిరిగొస్తుంటే పోలీసులు బస్సు ఆపి, బస్సు రంగు తప్పని డ్రైవరుకి జరిమానా వేశారు. ఇంటికి వచ్చేసరికి దొర సిద్ధంగా ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళు ఆయన దగ్గర పనిచేసింది. రాయించుకున్న దరఖాస్తు వెనక్కి తీసుకో, లేకపోతే ఇల్లు ఖాళీ చెయ్ అన్నాడు. ఆవిడ ఇచ్చిన జవాబు ఇది: ‘నేను మీ కోసం రాయించుకోడానికి వెళ్ళలేదు. నా కోసం వెళ్ళాను.’ ఆ రాత్రే ఇల్లు వదిలేసింది. పది రోజులకి, ఆవిడ తలదాచుకున్న ఇంటి మీద పదహారు తూటాలు పేల్చారు.

మరుసటేడు జూన్‌లో ఒక శిక్షణ తరగతికి వెళ్ళి తిరిగొస్తుంటే వినోనా అనే ఊళ్ళో బస్టాండులో అరెస్టు చేసి జైల్లో పెట్టారు. అధికారి ఒకడు ఇద్దరు నల్ల ఖైదీలకి తోలు కర్ర ఇచ్చి, ఒకరి తర్వాత ఒకరి చేత కొట్టించాడు. దెబ్బలకి బట్ట పైకి జరిగితే ఆవిడ కిందికి లాక్కుంది. అక్కడున్న తెల్లవాడు మళ్ళీ పైకి లాగాడు. జీవితాంతం మూత్రపిండాల బాధ, కంటి బాధ ఆ దెబ్బల వల్లే.

1964 ఆగస్టు 22. అట్లాంటిక్ సిటీలో, దేశాధ్యక్ష పదవికి అభ్యర్థిని నిలబెట్టే డెమోక్రటిక్ పార్టీ మహాసభ. మిసిసిపీ నుంచి వచ్చిన ప్రతినిధులందరూ తెల్లవాళ్ళు. నల్లవాళ్ళని ఆ పార్టీ సమావేశాల్లోకే రానివ్వలేదు. అందుకని వీళ్ళు మిసిసిపీ ఫ్రీడమ్ డెమోక్రటిక్ పార్టీ పెట్టుకుని, అసలు ప్రతినిధులం మేమే, మమ్మల్ని కూర్చోబెట్టండని వచ్చారు. అర్హతలు తేల్చే కమిటీ ముందు సాక్ష్యం చెప్పాలి. హేమర్ వచ్చి కూర్చుంది. చేతిలో కాగితం లేదు. ఎనిమిది నిమిషాలు మాట్లాడింది.

మొదటి వాక్యం మీద ఒక్క నిమిషం ఆగుదాం. ‘నా పేరు మిసెస్ ఫానీ లూ హేమర్’ అంది. మిసెస్ అన్న మాటని తనే పెట్టుకుంది. దక్షిణ రాష్ట్రాల్లో తెల్లవాళ్ళు నల్ల ఆడవాళ్ళని ఎంత పెద్దవాళ్ళయినా పేరు పెట్టే పిలిచేవారు. మిస్ అని గానీ మిసెస్ అని గానీ అనేవారు కాదు. అలబామా కోర్టులో మేరీ హామిల్టన్ అనే ఆవిడ, ‘మేరీ’ అని పిలిస్తే జవాబు చెప్పనని మొండికేస్తే కోర్టు ధిక్కారమని జైలు శిక్ష వేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఆమె పక్షాన తేలింది అదే 1964లోనే. మన ఊళ్ళలో కూడా ఎవరిని ‘గారు’ అనేవారో, ఎవరిని ఎనభయ్యేళ్ళ వయసులోనూ ‘ఒరేయ్’ అనేవారో ఇక్కడున్న పెద్దవాళ్ళకి తెలుసు. తమ పేరుకి తామే గౌరవం చేర్చుకోవాల్సి రావడం ఏమిటో తెలిసినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు.

పేరు తర్వాత ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా చెప్పింది. ఏ ఇంట్లో పడుకుంటుందో తెలిస్తే తూటాలు పేల్చిన మనుషులు టీవీ చూస్తుండగా, డోర్ నంబరుతో సహా చెప్పింది. ఆ జిల్లా ఏ సెనేటరుదో కూడా చెప్పింది. నేను ఇక్కడే ఉంటాను, మీ మధ్యే ఉంటాను అన్నట్టు. తర్వాత ఇండియనోలా, బస్సు రంగు, దొర మాట, పదహారు తూటాలు, వినోనా జైలు, తోలు కర్ర, పైకి లాగిన బట్ట. అన్నీ తారీఖులతో చెప్పింది. విశేషణాలు దాదాపు లేవు. మా నాన్న కాగితం రాసినట్టు ఉంటుంది ఆ సాక్ష్యం. పేరు, ఊరు, తేదీ, జరిగింది.

చివర్లో మాత్రం నోటు తీసింది. ఇదంతా మేం ఓటరుగా పేరు రాయించుకుని మొదటి తరగతి పౌరులం కావాలన్నందుకే జరిగింది, మమ్మల్ని ఇప్పుడు కూర్చోబెట్టకపోతే నేను అమెరికానే ప్రశ్నిస్తాను అంది. స్వేచ్ఛాపరుల నేల, ధీరుల ఇల్లు, ఇదేనా ఆ అమెరికా అని అడిగింది. ఆ మాటలు వాళ్ళ జాతీయ గీతంలోవి. ఆటల పోటీలకి ముందు వాళ్ళు నిలబడి పాడుకునే మాటలు. బెదిరింపులకి తట్టుకోలేక ఫోను తీసి పక్కన పెట్టి పడుకోవాల్సిన చోటు అదేనా అని అడిగింది. అందరికీ థాంక్స్ చెప్పి లేచింది.

ఆ మాటలు ఎంత పదునో దేశాధ్యక్షుడికి అందరికంటే ముందు తెలిసింది. ఆ పార్టీవాడే అయిన లిండన్ జాన్సన్‌కి నవంబరులో ఎన్నికలున్నాయి. దక్షిణాది తెల్ల ఓట్లు పోతాయని భయం. హేమర్ మాట్లాడుతుండగానే వైట్‌హౌస్‌లో అప్పటికప్పుడు ప్రెస్‌మీట్ అన్నారు. టీవీ కెమెరాలన్నీ అటు తిరిగాయి. ఆయన దగ్గర చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తనకి ముందు అధ్యక్షుడు కెనెడీ చనిపోయి సరిగ్గా తొమ్మిది నెలలైందన్న సంగతి చెప్పాడు. పత్తి తోటలో పనిచేసిన ఒక ఆడమనిషి మాట ఆపడానికి ప్రపంచంలోకెల్లా బలమైన పదవిలో ఉన్న మనిషి మైకు ముందుకి రావాల్సి వచ్చింది. ఆగలేదు. ఆ సాయంత్రం టీవీ చానళ్ళు ఆవిడ సాక్ష్యాన్ని మళ్ళీ వేశాయి. మధ్యాహ్నం పనిలో ఉన్నవాళ్ళు కూడా రాత్రి ఇంట్లో కూర్చుని చూశారు.

అయినా కుర్చీలు ఇవ్వలేదు. రెండు సీట్లు ఇస్తామన్నారు, అవి కూడా మిసిసిపీ తరఫున కాదు. ఆ ఇద్దరు ఎవరో కూడా పైవాళ్ళే నిర్ణయించారు. ఇంత దూరం రెండు సీట్ల కోసం రాలేదని హేమర్ తేల్చి చెప్పింది. పెద్ద నాయకులు కొందరు ఒప్పుకోమని నచ్చజెప్పారు. రాజకీయం తెలియదని కూడా అన్నారు. నాకు ఆవిడే సరైన లెక్క వేసిందనిపిస్తుంది. మా వీధి ముసలామె సగం తీసుకుంది, నిజమే. కానీ నోటు వెనక జమ రాయించుకుంది, మిగతా సగం బాకీగా బతికే ఉంది. అట్లాంటిక్ సిటీలో ఇవ్వజూపింది ఆ రెండు సీట్లు తీసుకుని నోటు చింపెయ్యమనే బేరం.

సుమారు ఏడు నెలల తర్వాత ఏం జరిగిందో చూడండి. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మాలో వంతెన మీద, ఓటు హక్కు కోసం నడుస్తున్నవాళ్ళని పోలీసులు లాఠీలతో కొట్టారు. ఉద్యమంలో యువ నాయకుడు జాన్ లూయిస్ తల పగిలింది. అంతకు ఏడాదిన్నర క్రితం వాషింగ్టన్ సభలో ఇరవై మూడేళ్ళ లూయిస్ ప్రసంగం మరీ ఘాటుగా ఉందని, లింకన్ విగ్రహం వెనక గదిలో కూర్చోబెట్టి చివరి నిమిషంలో మార్పించారు. ఘాటైన మాటలు కొట్టేశారు గానీ మనిషి వెనక్కి తగ్గలేదు. సెల్మా దృశ్యాలు టీవీలో వచ్చాక, మార్చి 15 రాత్రి, అదే జాన్సన్ కాంగ్రెస్ ముందు నిలబడి ఓటు హక్కు చట్టం కావాలని అడిగాడు. ఉద్యమంలో పాడుకునే పాటలో మాట తన నోటితో అన్నాడు: మనం గెలిచి తీరతాం. ‘మనం’ అన్నాడు. డగ్లస్ ‘మీ’ అన్న మాటకి నూట పదమూడేళ్ళకి వచ్చిన జవాబు అది. సెల్మాలో ఒక ఇంట్లో టీవీ చూస్తున్న కింగ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయని పక్కనే ఉన్న లూయిస్ చెప్పాడు.

ఆగస్టు 6న ఆ చట్టం వచ్చింది. చట్టానికి ముందు మిసిసిపీలో అర్హులైన నల్లవాళ్ళలో ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్ళు నూటికి ఏడుగురు కూడా లేరు. 1967కల్లా నూటికి అరవై మందికి దగ్గరయ్యారు. 1968 మహాసభలో హేమర్ ప్రతినిధిగా సభలోకి వచ్చి కూర్చుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మనకి దీనితో సంబంధం ఏమిటని కొందరు అనుకుంటూ ఉండొచ్చు. ఈ ఊరి నుంచి అమెరికా వెళ్ళిన పిల్లలు ఎంతమంది? చేతులెత్తిన తల్లిదండ్రుల్ని లెక్కపెట్టడం కష్టంగా ఉంది. 1965కి ముందు మన దేశం మొత్తానికి ఏడాదికి వందమందికి అక్కడ స్థిరపడే అవకాశం ఉండేది. పుట్టిన దేశాన్ని బట్టి, జాతిని బట్టి మనుషుల్ని వడపోసే ఆ కోటాల్ని 1965 అక్టోబరు 3న సంతకం పెట్టిన వలస చట్టం తీసేసింది. పౌరహక్కుల చట్టాలు తెచ్చిన గాలిలోనే అదీ వచ్చింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు దిగిన విమానాలకి దారి వేసినవాళ్ళలో వినోనా జైల్లో దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. అక్కడున్న పిల్లలు ఫోను చేసినప్పుడు, అక్కడి నల్లవాళ్ళ గురించి తేలిగ్గా ఒక మాట అంటే, దయచేసి ఈ సంగతి చెప్పండి.

ఇంకోటి. కింగ్ 1959లో మన దేశం వచ్చాడు. కేరళలో దళిత పిల్లలు చదివే ఒక బడికి వెళితే, ప్రిన్సిపాల్ ఆయన్ని ‘అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడు’ అని పరిచయం చేశాడట. మొదట కోపం వచ్చిందని, తర్వాత ఆలోచిస్తే అవును, నేను అంటరానివాణ్ణే, మా దేశంలో ప్రతి నల్లవాడూ అంటరానివాడే అనిపించిందని ఆరేళ్ళ తర్వాత తన చర్చిలో చెప్పాడు. ఆ రోజు జులై 4. మన రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అది కూడా రాసిచ్చిన నోటే. సంతకం మనది.

నా టైం అయిపోయింది. లైబ్రేరియన్ గారు ల్యాప్‌టాప్‌లో హేమర్ సాక్ష్యం రికార్డు సిద్ధంగా పెట్టారు. ఇంగ్లీషు అర్థం కాకపోయినా ఫరవాలేదు, గొంతు వినండి. ఎనిమిది నిమిషాలే. ముందు పేరు వస్తుంది, మిసెస్‌తో సహా. దాని వెంటనే ఇంటి నంబరు వస్తుంది. ఫ్యాను కాస్త ఆపుతారా? చప్పుడుకి అది వినబడకుండా పోతుంది.